ఓటీపీ ఎవరి సెల్‌కు వెళ్తోంది?

సంపాదకులకు నమస్కారం.

ఏ జిల్లాలో ఎన్ని ఆభా నంబర్లు, అంటే ఆన్‌లైన్ ఆరోగ్య రికార్డుల నంబర్లు, ఇచ్చారన్న లెక్కలు పత్రికల్లో తరచూ చూస్తున్నాం. ఆ నంబరు వల్ల ఒక బీపీ రోగికో, షుగర్ రోగికో ఏం ఒరిగిందన్న లెక్క మాత్రం కనపడదు. నెలనెలా మందులు తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడాల్సిన పేద రోగులతో పల్లెల్లో, బస్తీల్లో పనిచేసేవాళ్లం మేము. ఈ ఆన్‌లైన్ రికార్డులు ఎక్కడ అక్కరకొస్తాయో, ఎక్కడ తెగిపోతున్నాయో, ఎందుకు తెగిపోతున్నాయో రాస్తున్నాం. ఉత్తరం పెద్దదైంది. కోత పెట్టాల్సి వస్తే ఓటీపీ గురించి, డ్యూ లిస్టు (మందులకు రావాల్సినవాళ్ల జాబితా) గురించి రాసిన భాగాలు మాత్రం ఉంచమని మనవి.

ముందుగా పేర్ల గందరగోళం తీరాలి. ఆభా అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. 14 అంకెల గుర్తింపు నంబరు, అంతే. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద దీన్ని ఇస్తున్నారు. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ వేరు. పేర్లన్నీ ఒకేలా వినిపించడంతో ఆభా కార్డునే లామినేషన్ చేయించి దాచుకుని, ఆపరేషన్ రోజున అదే పట్టుకెళ్లేవాళ్లు ఉన్నారు. కౌంటర్ దగ్గర "ఇది చెల్లదమ్మా" అన్నాక గానీ సంగతి తెలియదు. నంబరు చేసి ఇచ్చేటప్పుడే "ఇది డబ్బుల కార్డు కాదు, మీ జబ్బు వివరాల నంబరు" అని ఒక్క మాట చెబితే ఈ తిప్పలు ఉండవు. తీసుకోవడం తప్పనిసరి కాదనీ, లేదన్న కారణంతో వైద్యం ఆపకూడదనీ కూడా అప్పుడే చెప్పాలి.

నంబరు రాగానే పాత రిపోర్టులన్నీ సెల్‌లోకి వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. రికార్డులు ఢిల్లీలో ఎక్కడో ఒకచోట పోగుపడి ఉండవు. ఏ ఆసుపత్రిలో చూపించుకుంటే ఆ ఆసుపత్రి కంప్యూటర్‌లోనే ఉంటాయి. అక్కడి సిబ్బంది ఆ రోజు ఓపీ వివరాన్ని రోగి ఆభా నంబరుతో జతచేస్తేనే రోగి సెల్‌లోని ఆభా యాప్‌లో కనిపిస్తుంది. మరో ఆసుపత్రి వాళ్లు చూడాలంటే రోగి సెల్‌కు అనుమతి అడుగుతూ సందేశం వస్తుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రికార్డులు చూడొచ్చు, ఎన్నాళ్లు చూడొచ్చు అన్నది రోగే ఒప్పుకోవాలి. కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ కౌంటర్‌లో రద్దీగా ఉన్న రోజు జతచేసే పని ఆగిపోతే నంబరున్న రోగి యాప్ తెరిచినా ఖాళీ తెరే కనిపిస్తుంది. నంబర్లెన్ని ఇచ్చారని కాకుండా, ఈ నెల మందులకు వచ్చినవారిలో ఎందరి ఓపీ వివరం జతపడిందని అడిగితే అసలు పరిస్థితి బయటపడుతుంది.

ఈ పద్ధతి కుదిరితే ఎవరికి మేలో చూడండి. కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస వెళ్తాయి. పాలమూరు నుంచి ముంబయికి వెళ్తారు. వీళ్లలో 45 దాటిన ఆడా మగా బీపీ బిళ్ళలు వాడుతూనే వెళ్తారు. తీసుకెళ్లింది 30 రోజులకు. కోతలేమో రెండు మూడు నెలలు. అక్కడి పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, వెళ్తే "ఏం మందు వాడుతున్నావు?" అంటారు. "తెల్లది, చిన్నది, పొద్దున్నే ఒకటి" అన్నదే సమాధానం. పేరు, మోతాదు తెలియక వైద్యుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. లేదా రోగే ఇంటికెళ్లాక వాడదాంలే అని మానేస్తాడు. అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, రోజుకొకటి అన్న ఒక్క వరుస ఆ వైద్యుడి తెర మీద కనిపిస్తే ఆ తెగుదల ఉండదు.

ఉద్దానం కిడ్నీ రోగుల సంగతి ఇంకా ముఖ్యం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. అయినా రోగి ఒక పరీక్ష ఊళ్లో, ఒకటి పలాసలో, ఇంకొకటి విశాఖలో చేయించుకుంటూనే ఉంటాడు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఒక్కసారి 1.6 వచ్చిందంటే దాంతో తెలిసేది తక్కువ. రెండేళ్ల కిందట 1.2, నిరుడు 1.4, ఇప్పుడు 1.6 అని వరుసగా కనిపిస్తే కిడ్నీ ఎంత వేగంగా దెబ్బతింటోందో అర్థమవుతుంది. ఆ వరుస తెలిస్తే ఒళ్లునొప్పులని వచ్చినప్పుడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్ వేయరు. తెలియకపోతే వేస్తారు. ఉన్న కాస్త కిడ్నీకీ అదే దెబ్బ.

మందుల పేర్ల వల్ల జరిగే నష్టం కూడా రోజూ చూసేదే. పీహెచ్‌సీలో అమ్లోడిపిన్ ఇస్తారు. రోగి తలనొప్పి తగ్గలేదని పట్నంలో చూపించుకుంటే అక్కడ టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ కలిసిన ఒకే బిళ్ళ రాస్తారు. దాని మీద కంపెనీ పేరు పెద్దగా, మందు పేరు చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి. రోగి రెండూ వేసుకుంటాడు. కొన్నాళ్లకు పాదాలు వాస్తాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. షుగర్ బిళ్ళలతో ఇంతకన్నా ప్రమాదం. పీహెచ్‌సీ గ్లిమిపిరైడ్ ఒకటి, పట్నంలో రాసిన మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసినది ఇంకొకటి పడితే, కూలికి వెళ్లి మధ్యాహ్నం అన్నం ఆలస్యమైన రోజున షుగర్ పడిపోయి పొలంలోనే కూలబడతారు. కాబట్టి ఏ పోర్టల్‌లోనైనా కంపెనీ పేరు కాక అసలు మందు పేరు, మిల్లీగ్రాములు, పొద్దున్నా రాత్రా అన్నది ఎక్కాలి. "బీపీ టాబ్లెట్ ఇవ్వబడినది" అన్న నమోదు ఎవరికీ పనికిరాదు.

ఇక ఓటీపీ. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆధార్‌తో ఆభా చేసుకోవాలంటే ఆధార్‌కు ముడిపడిన సెల్‌కు ఓటీపీ వస్తుంది. 10 నిమిషాల్లో కొట్టాలి. ఆధార్ తీసుకున్న రోజున ఇంట్లో ఉన్నది ఒకే సెల్, అది కొడుకుది. ఇప్పుడు కొడుకు హైదరాబాద్‌లో సెక్యూరిటీ పనిలోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇలాంటి ఇళ్లు కోకొల్లలు. గల్ఫ్ వెళ్లాక ఇక్కడి సిమ్ మూలన పడుతుంది. ఊళ్లోనే ఉన్న సెల్‌కైనా రీచార్జి గడువు దాటితే ముందు ఔట్‌గోయింగ్, కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతాయి. పనుల్లేని నెలల్లో పేద ఇళ్లలో ముందు ఆగేది రీచార్జే. సరిగ్గా అప్పుడే మందులకు డబ్బుల్లేక సర్కారు దవాఖానాకు వస్తారు, అప్పుడే ఓటీపీ రాదు. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల పాటు ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత కొత్తవాళ్లకు ఇవ్వొచ్చు. అంటే మన రోగి షుగర్ రిపోర్టు మెసేజ్ ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్లే వీలుంది.

దీనికి చేయగలిగింది ఉంది. ఆభా చేసేటప్పుడు ఆధార్‌కు ముడిపడిన సెల్ కాకుండా వేరే సెల్ నంబరును సంప్రదింపుల కోసం ఇవ్వొచ్చు. దాన్ని విడిగా ఓటీపీతో ధ్రువీకరిస్తారు. ఆధార్‌కు పాత నంబరే ఉండిపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి, రుసుము కట్టి మార్పించుకోవచ్చు. ఈ పని ఆభా కోసమే కాదు, పెన్షన్‌కు, బ్యాంకుకు కూడా పనికొస్తుంది కాబట్టి ఒక పూట కూలి పోయినా చేయించుకోవడం మేలు. వేలిముద్రలు అరిగిపోయిన వృద్ధులు, బీడీలు చుట్టినవాళ్లు, గిన్నెలు తోమే పనివాళ్లు వెళ్లేముందు రెండు మూడు రోజులు రాత్రిపూట చేతులకు కొబ్బరినూనె రాసుకుని, పొద్దున్నే శుభ్రంగా కడుక్కుని వెళ్తే వేలిముద్ర పడే అవకాశం కాస్త పెరుగుతుంది.

పేరు దగ్గర ఇంకో ముడి. పాత రికార్డును నంబరుతో జతచేసేటప్పుడు కంప్యూటర్ పేరు, ఆడా మగా, పుట్టిన సంవత్సరం, సెల్ నంబరు సరిపోల్చి చూస్తుంది. మన పేర్లు దానికి లొంగవు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, దవాఖానా రిజిస్టర్‌లో ఉత్త "లక్ష్మి", రేషన్ కార్డులో "వెంకటలక్ష్మమ్మ". పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే ఒకచోట పుట్టింటిది, ఒకచోట అత్తింటిది. వయసు "ఓ అరవై రాసుకో" అని చెప్పిందే. ఇన్ని తేడాలుంటే కంప్యూటర్ ఆమెను కొత్త మనిషిగానే నమోదు చేసుకుంటుంది. ఒకే రోగి రెండుసార్లు లెక్కకెక్కుతుంది. ఒక పేరు మీద "మందులు మానేసిన రోగి" అని, ఇంకో పేరు మీద "కొత్త రోగి" అని. ఆశా కార్యకర్త మానేసిన రోగిని వెతుక్కుంటూ ఇంటికెళ్తే ఆమె నిన్ననే మందులు తెచ్చుకుని ఉంటుంది. దీనికి మందు ఒక్కటే: ఓపీ చీటీ మీద పేరు అడిగి రాయకుండా ఆధార్ చూసి, అందులో ఎలా ఉంటే అలాగే రాయడం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, అంటే 2019–21లో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లు 48.8, 57.4 శాతం. ఆ తర్వాత సెల్‌ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఆ సర్వే ఈ ప్రశ్న అడిగింది 15 నుంచి 49 ఏళ్లవారిని. మా దగ్గరికి నెలనెలా మందులకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ వయసు దాటినవాళ్లే. అసలు లెక్కలోకే రాని అమ్మమ్మలు, తాతయ్యలు వాళ్లు. వాళ్లను "ఓపీ టోకెన్‌కు యాప్ డౌన్‌లోడ్ చేసుకుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అంటే ఏం చేస్తారు? స్కాన్ చేస్తే వచ్చే టోకెన్ 30 నిమిషాలే చెల్లుతుంది. వెనక నిలబడ్డ కుర్రాడిని బతిమాలుకుంటారు, లేదా పాత వరుసలోనే నిలబడతారు. స్కాన్ వరుస పెట్టినచోట మామూలు కౌంటర్లు తగ్గించకూడదు. ఆభా లేని, సెల్ లేని రోగిని వెనక్కి పంపకూడదు.

రికార్డు ఎక్కింది సరే, ఎక్కిన అంకె నిజమైనదేనా అన్నదీ చూడాలి. బీపీ రిజిస్టర్ తీసి నెల రోజుల పేజీలు తిప్పండి. 120/80, 130/80, 140/90 అని గుండ్రని అంకెలే వరుసగా ఉంటే అవి కొలిచింది కొలిచినట్టు రాసినవి కావని అర్థం. మిషన్ మీద 127/83, 148/92 అని వస్తాయి గానీ అన్నీ సున్నాతో ముగియవు. సిబ్బందిని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఒక క్లినిక్ రోజున 40 మంది వస్తారనుకుందాం. ఒక్కొక్కరిని రిజిస్టర్‌లో, ట్యాబ్‌లో, మందుల స్టాకులో నమోదు చేయడానికి 5 నిమిషాలు వేసుకున్నా 200 నిమిషాలు, అంటే మూడు గంటల పైనే. సర్వర్ నెమ్మదిస్తే సాయంత్రం కూర్చుని జ్ఞాపకం మీద ఎక్కించాల్సి వస్తుంది. ఒకే వివరాన్ని రెండు మూడు చోట్ల రాయించడం ఆపి, ఒకచోట రాస్తే మిగతా చోట్లకు అదే వెళ్లేలా చేస్తే అంకెలు వాటంతట అవే నిజమవుతాయి.

బీపీ కొలవడంలో కూడా చిన్న తప్పులే పెద్ద తేడా తెస్తాయి. నడిచొచ్చిన మనిషిని 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. అరగంట ముందు నుంచీ టీ, బీడీ ఉండకూడదు. మూత్రం ఆపుకుని ఉండకూడదు. కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ జాకెట్టు చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. లావు చేతికి మామూలు పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. షుగర్ అయితే పరగడుపునా, తిన్న తర్వాతా అన్నది రాయని అంకె పోర్టల్‌లో ఉన్నా లేనట్టే. పొద్దున్నే టీ తాగి వచ్చి "ఏమీ తినలేదు" అంటారు. టీని తిండిగా ఎవరూ లెక్కవేయరు మరి. "తిన్నావా?" అని కాదు, "టీ తాగావా, అందులో చక్కెర వేసుకున్నావా?" అని అడగాలి. మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, 7 ఉంటే సగటు షుగర్ సుమారు 154 అనీ, 9 ఉంటే 212 అనీ అర్థం. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో ఇది ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపొచ్చు. కాబట్టి పక్కనే హిమోగ్లోబిన్ కూడా ఉండాలి.

గల్ఫ్ నుంచి తెచ్చుకున్న రిపోర్టులతో ఇంకో తిప్పలు. అక్కడ చాలాచోట్ల కొలమానం వేరు. షుగర్ 9 అని ఉంటే తక్కువని మురిసిపోకూడదు. 18తో గుణిస్తే మన లెక్కలో 162. క్రియాటినిన్ 124 అని చూసి కంగారుపడనక్కర్లేదు. 88.4తో భాగిస్తే 1.4. ఈ అంకెలను కొలమానం చూడకుండా ఇక్కడి పోర్టల్‌లో నేరుగా ఎక్కిస్తే రోగి చరిత్రంతా తప్పుదారి పడుతుంది.

ఇన్ని చిక్కులుండగా కాగితాన్ని వదిలేయమనడం తొందరపాటు. బీపీని అదుపులో పెట్టే హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ 2017లో మొదలైన తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమం ఆధారపడింది యాప్‌ల మీద మాత్రమే కాదు. అందరికీ ఒకే రకం మందుల వరుస, స్టాకు అయిపోకుండా చూడటం, రోగికి దగ్గర్లో మందు ఇవ్వడం, రానివాళ్లను వెతకడం, ప్రతి రోగికీ ఒక చిన్న కార్డు. రోగి చేతిలో కార్డు ఉంటే కరెంటు పోయినా, సర్వర్ పడుకున్నా, సెల్ కొడుకు దగ్గరున్నా వైద్యం ఆగదు.

ఇంట్లో దాచుకునే కాగితాల గురించి ఒక మాట. ఈసీజీ, కొన్ని మిషన్ల రిపోర్టులు వేడికి అచ్చుపడే నున్నటి కాగితం మీద వస్తాయి. వాటిని భద్రంగా ఉంటాయని లామినేషన్ చేయిస్తారు. ఆ వేడికి కాగితమంతా నల్లబడి గీతలన్నీ పోతాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేకుల ఇంట్లో దాచినా కొన్ని నెలలకు అచ్చు వెలిసిపోతుంది. వచ్చిన రోజే ఫోటో తీయాలి, లేదా మామూలు కాగితం మీద జిరాక్స్ తీయించాలి. ఫోటో తీసేటప్పుడు చీటీని నేల మీద చదునుగా పరిచి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో, మన నీడ దాని మీద పడకుండా, నాలుగు మూలలూ కనిపించేలా తీయాలి. పేరు, తేదీ ఉన్న పైభాగం తెగిపోకూడదు. తీశాక పెద్దది చేసి మిల్లీగ్రాముల అంకె చదవగలమో లేదో చూసుకోవాలి. వెనకవైపు రాసి ఉంటే అదీ తీయాలి. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయిస్తే పని అయ్యాక ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో మన ఫైలు తీసేయించి, లాగౌట్ చేయించుకునే బయటికి రావాలి. హెల్త్ కార్డు వచ్చిందంటూ వాట్సాప్‌లో ఎవరైనా ఏపీకే ఫైలు (తెరిస్తే సెల్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే తెరవకూడదు. ఓటీపీ చెప్పమని ఫోన్ చేస్తే ఎవరికీ చెప్పకూడదు.

ప్రభుత్వాలను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. మొదటిది డ్యూ లిస్టు. చంటిపిల్లల టీకాలకు ఏఎన్ఎం దగ్గర డ్యూ లిస్టు ఉంటుంది: ఈ నెల ఎవరికి ఏ టీకా పడాలో పేరుపేరునా. బీపీ, షుగర్ రోగులకు ఆ పని ఎందుకు చేయకూడదు? సమాచారమంతా ఇప్పటికే ట్యాబ్‌లోకి ఎక్కుతోంది. నెల మొదటి వారంలో, పోయిన నెల మందులకు రానివాళ్ల పేర్లు ఊరివారీగా, వాడవారీగా ఒక కాగితం మీద తెలుగులో అచ్చై ఆశా కార్యకర్త చేతికి రావాలి. పల్లెల్లో సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉంటుంది కాబట్టి ఆమె జాబితా పొడవుగా ఏమీ ఉండదు. పేర్ల పక్కన "ఎందుకు రాలేదు" అన్నచోట నాలుగు కారణాలు చాలు: ఊళ్లో లేరు, మందు దొరకలేదు, బాగానే ఉందని మానేశారు, వేరేచోట తీసుకుంటున్నారు. బీపీకి నొప్పి ఉండదు కాబట్టి మూడో కారణమే ఎక్కువ వస్తుంది. మందు దొరకలేదన్న జవాబు అయిదారు ఇళ్లలో వస్తే అది రోగుల తప్పు కాదు, స్టాకు తప్పు. పై అధికారికి అది అదే రోజు తెలియాలి. రోగి తన రికార్డు తాను చూసుకునే పోర్టల్ కన్నా, రాని రోగిని కేంద్రం గుర్తుపట్టే జాబితా వల్ల ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని మా గట్టి నమ్మకం.

దాంతోపాటు మూడు నెలలకోసారి ప్రతి రోగికీ ఒక పేజీ ప్రింటు ఇవ్వాలి. అందులో చివరి మూడు బీపీలు తేదీలతో, పరగడుపు షుగర్, క్రియాటినిన్, ఇప్పుడు వాడుతున్న మందుల అసలు పేర్లు, పడని మందులు, ఏడాదికోసారి కంటి రెటీనా, పాదాల పరీక్ష ఎప్పుడు జరిగాయో, మళ్లీ రావాల్సిన తేదీ. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. పొద్దున బిళ్ళ దగ్గర సూర్యుడి బొమ్మ, రాత్రి బిళ్ళ దగ్గర చంద్రుడి బొమ్మ వేస్తే చదువురాని మనిషికీ తెలుస్తుంది. బీపీ అదుపులో ఉండి, మందు మారని రోగులకు, ముఖ్యంగా వలస వెళ్లేవాళ్లకు, 30 రోజులకు బదులు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి. వలస వెళ్తున్నట్టు నమోదు చేసే గడి కూడా సిబ్బంది ట్యాబ్‌లో ఉండాలి.

గుట్టు విషయం తేలిగ్గా తీసుకోకూడదు. తెలంగాణ ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో లాగా రక్తం పీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానాలోనో తీసి, హబ్‌లో, అంటే పెద్ద ల్యాబ్‌లో, పరీక్షించి, ఫలితం సెల్‌కు పంపడం చాలా సౌకర్యం. దాని వల్ల ప్రయాణం తప్పుతుంది. అయితే ఓపీ దగ్గర తొందరలో పక్కింటావిడ నంబరు చెప్పిన రోగి ఫలితం పక్కింటావిడకే వెళ్తుంది. షుగర్ అయితే పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. టీబీ, హెచ్ఐవీ, మానసిక జబ్బుల విషయంలో అదే మెసేజ్ ఒక ఆడమనిషిని ఇంట్లోంచి గెంటించగలదు. అలాంటి పరీక్షల ఫలితం మెసేజ్‌లో రాయకూడదు. "ఫలితం వచ్చింది, వచ్చి కలవండి" అంటే చాలు.

ఒక హెచ్చరిక కూడా. గుండెనొప్పి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే యాప్ తెరిచి రికార్డు వెతుకుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడే మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికితే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

చివరగా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ మీ పత్రిక ద్వారా ఒక చిన్న విన్నపం. ఓపీ కౌంటర్‌లో, గ్రామ క్లినిక్ ట్యాబ్‌లో "సెల్ నంబరు" అన్న గడి పక్కనే ఇంకో గడి పెట్టించండి: "ఈ సెల్ ఎవరి దగ్గర ఉంటుంది?" సొంతం, ఇంట్లో మరొకరిది, ఊళ్లో వేరేవాళ్లది, సెల్ లేదు అని నాలుగు జవాబులు. సొంతం కాని చోట మెసేజ్‌లు ఆపి, ఆ పేరు నేరుగా ఆశా కార్యకర్త జాబితాలోకి వెళ్లాలి. ఆర్నెల్లకోసారి ఆ నంబరుకు కౌంటర్ దగ్గరే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, రోగి కొంగున ఉన్న సెల్ మోగుతుందో లేదో చూడాలి.

ఇట్లు,
పల్లెల్లో, బస్తీల్లో బీపీ, షుగర్, కిడ్నీ రోగులతో పనిచేసే కొందరు ఆరోగ్య సిబ్బంది